బావగారి 432, అత్తగారి పసరు, మధ్యలో మీ కుక్క

ప్రశ్న: నా వయసు 41. కాకినాడలో ఉంటాం. సంగీతం వింటాను, వారానికో పుస్తకం చదువుతాను, సైన్స్ అంటే ఇష్టం. ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు బంటి. ఏది విన్నా "రుజువేంటి?" అని అడుగుతానని ఇంట్లో నాకు వితండవాది అని పేరు పెట్టారు. మా బావగారు 432 హెర్ట్జ్ వేణువు పెడితే బంటి వెంటనే పడుకుంటుందనీ, మామూలు 440 పెడితే చిరాకు పడుతుందనీ అంటారు. నేను ఆఫీసులో బయల్దేరగానే బంటికి తెలిసిపోతుందని మా ఆవిడ నమ్మకం. రెండేళ్ల మా పాపకి మొజార్ట్ సంగీతం వినిపిస్తే తెలివి పెరుగుతుందని బహుమతిగా వచ్చిన ఒక పుస్తకంలో ఉంది. ఇక అసలు గొడవ ఇది: రెండు వారాల క్రితం బావగారి అబ్బాయిని వీధికుక్క పిక్క మీద కరిచింది. ఆస్పత్రిలో రెండు సూదులు పడ్డాక అత్తగారు ఊళ్లో పసరు పోయించి, "పసరు పడ్డాక సూదులు పనికిరావు" అని మిగతావి ఆపించేశారు. ఆ పసరు పోసే ఆయన వందల మందిని బతికించాడట. వీళ్లందరితో ఎలా వాదించాలి?

జవాబు: నాలుగో సంగతి ముందు చూద్దాం. మిగతా మూడూ ఎన్నాళ్లయినా ఆగుతాయి.

అబ్బాయిని ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పాత చీటీ పట్టుకెళ్లండి. కుక్కకాటు టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. కండలోకి వేస్తే 0, 3, 7, 14, 28. మొదటి సూది పడిన రోజే సున్నా. అబ్బాయికి రెండే పడ్డాయంటే ఏడో రోజుది తప్పిపోయింది. తప్పిన చోటి నుంచి కొనసాగిస్తారు తప్ప మళ్లీ మొదలుపెట్టరు, కాబట్టి "ఎలాగూ గడువు దాటింది కదా" అని ఊరుకోవద్దు. రక్తం వచ్చిన కాటయితే గాయంలోకీ దాని చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల సూది) కూడా వేయాలి. వేశారో లేదో చీటీలో చూడండి. మొదటి టీకా పడి వారం దాటాక దాన్ని ఇవ్వరు, ఎందుకంటే అప్పటికి ఒంట్లో సొంత యాంటీబాడీలు తయారవుతుంటాయి. అది వేయించి ఉండకపోతే మిగతా టీకాలు పూర్తి చేయడం మరీ ముఖ్యం.

పసరు పడిందని సూదులు ఆపడానికి ఏ కారణమూ లేదు. అయితే అందులో ఏ ఆకులు కలిపారో కనుక్కుని డాక్టరుకి చెప్పండి. కొన్నిచోట్ల కుక్కకాటు పసర్లలో ఉమ్మెత్త వాడతారు, అది విషం.

ఇంకొకటి తెలుసుకోండి: ఆ వీధికుక్క ఇప్పుడు ఎలా ఉంది? కరిచిన రోజు నుంచి పది రోజులు గడిచాక కూడా అది బతికి, ఆరోగ్యంగా తిరుగుతుంటే కరిచిన నాడు దాని చొంగలో రేబిస్ వైరస్ లేనట్టే. అప్పుడు మిగతా డోసుల సంగతి డాక్టరు చూసుకుంటారు. అయితే ఫలానా కుక్కే అని గట్టిగా గుర్తుపట్టగలగాలి. "ఆ రంగు కుక్క మొన్న సందు చివర కనపడింది" అంటే చాలదు.

ఇక ఆ వందల మంది. వాళ్లు బతికిన మాట నిజమే అయి ఉంటుంది, అబద్ధమాడాల్సిన పని ఆయనకి లేదు. కరిచే కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు. రేబిస్ లేని కుక్క కరిచిన వాడికి పసరు పోసినా, మజ్జిగ పోసినా, ఏమీ పోయకపోయినా వాడు బతుకుతాడు. బతికినవాళ్లందరూ పసరు లెక్కలో పడతారు. రేబిస్ ఉన్న కుక్క కరిస్తే లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా దాటుతుంది. అప్పటికి ఆ కుటుంబం పెద్దాసుపత్రిలో ఉంటుంది. పసరు పోసినాయన దగ్గరికి తిరిగొచ్చి లెక్క సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బయటపడటం దాదాపు అసాధ్యం. కనుక ఇది "ఆగి చూద్దాం" అనే జబ్బు కాదు.

అత్తగారితో ఇవన్నీ వాదించకండి. "పసరు పోయించారు కదా, మంచిది, సూదులు కూడా వేయిద్దాం" అంటే చాలు. ఆవిడ ఓడిపోయానని ఒప్పుకోవడం మీకు అక్కర్లేదు, అబ్బాయి చేతికి సూది పడటం కావాలి. మళ్లీ ఎప్పుడైనా ఎవరినైనా కుక్క కరిస్తే ముందు కుళాయి కింద గాయం పెట్టి పదిహేను నిమిషాలు సబ్బుతో కడగండి. రేబిస్ వైరస్ పైపొర కొవ్వు పొర, సబ్బుకి అది చెదిరిపోతుంది. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ అద్దకూడదు. బంటి టీకా కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. మూడు నెలల వయసులో మొదటిది, తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి.

ఇప్పుడు బావగారి 432. వాద్యాలు శ్రుతి చేసుకునే 'ఎ' అనే పాశ్చాత్య స్వరం సెకనుకి ఎన్నిసార్లు కంపించాలో చెప్పే సంఖ్యలు ఈ 432, 440.

ముందు మీ వైపు నుంచి పొరపాటు మాట రాకుండా చూసుకోండి. "432కీ 440కీ తేడా ఎవరికీ వినపడదు" అని మీలాంటివాళ్లు తొందరపడి అనేస్తారు. వినపడుతుంది. ఒకటి శ్రుతికీ ఒకటిన్నర శ్రుతికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, ఇది దాదాపు 32 భాగాల తేడా. వెంటవెంటనే వినిపిస్తే శ్రుతిజ్ఞానం ఉన్నవాళ్లు ఇట్టే పట్టేస్తారు. బావగారు అంటున్నది తేడా తెలుస్తుందని కాదు, ఒకటి శాంతపరుస్తుందీ ఇంకొకటి చిరాకు పెడుతుందీ అని. పరీక్షించాల్సింది ఆ మాటని.

ఈ 440 ఎవరో కుట్ర పన్ని మన మీద రుద్దిన సంఖ్య కాదు. ఫ్రాన్స్ 1859లోనే 435ని చట్టం చేసింది. ఇటలీ స్వరకర్త వెర్డి 1884లో 432ని సమర్థించాడు. వాద్యాల శ్రుతి ఏటా పైకి పాకుతూ గాయకుల గొంతుల మీద పడుతున్న రోజులవి. 1939లో లండన్ సమావేశం 440ని సిఫారసు చేసింది, 1955లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. వేర్వేరు ఊళ్లలో తయారైన వాద్యాలు కలిసి మోగాలంటే ఏదో ఒక సంఖ్య ఉండాలి కాబట్టి పెట్టుకున్న ఒప్పందం, అంతే. 432 ప్రకృతి సంఖ్య అనేవాళ్లని ఒక్క మాట అడగండి: హెర్ట్జ్ అంటే సెకనుకి ఇన్ని కంపనాలు. సెకను మనుషులు రోజుని 86,400 ముక్కలు చేసి తెచ్చుకున్న కొలత. రోజుని లక్ష ముక్కలు చేసి ఉంటే అదే స్వరానికి వేరే సంఖ్య వచ్చేది. అప్పుడు ప్రకృతి మారిపోయేదా?

అసలు కర్ణాటక సంగీతం వినే ఇంట్లో ఈ గొడవ రావడమే విచిత్రం. మనకి షడ్జమం పాడేవాళ్ల గొంతుని బట్టి ఉంటుంది. ఒకటి శ్రుతిలో పాడేవాళ్లు, రెండులో పాడేవాళ్లు, ఐదున్నరలో పాడేవాళ్లు ఉన్నారు. తంబూరా తీగల శ్రుతి కచేరీ మధ్యలో ఏసీ చల్లదనానికే మారిపోతుంది. పాత 78 వేగం రికార్డులు ఏ వేగంలో రికార్డయ్యాయో, ఏ వేగంలో తిరుగుతున్నాయో కచ్చితంగా కలవవు, కాబట్టి పాత విద్వాంసుల శ్రుతి మనం వింటున్నది అసలుది కాకపోవచ్చు కూడా. వీటన్నిటినీ విని తరాలు శాంతంగానే నిద్రపోయాయి.

బావగారు పెట్టే ఫైలు నిజంగా 432 అవునో కాదో కూడా చూడాలి. ఫోన్‌లో ఏదో ఒక ట్యూనర్ యాప్ వేసుకుని, రిఫరెన్సు 440 దగ్గర ఉంచి, పాట మొదట్లో వచ్చే తంబూరా షడ్జమం వినిపించండి. ముల్లు ఒక స్వరం మీద నిలబడితే అది 440 లెక్క. 32 సెంట్లు (పైన చెప్పిన వంద భాగాల్లో ఒక్కోటీ ఒక సెంటు) తక్కువ చూపిస్తే 432 లెక్క. ఐదు శ్రుతి అనుకుంటే మొదటిది 392, రెండోది సుమారు 385. చెవితో శ్రుతి చేసుకునే మన విద్వాంసుల రికార్డులైతే రెండింటికీ చెందక మధ్యలో ఎక్కడో తేలినా ఆశ్చర్యం లేదు. పేరులో 432 అని ఉండి లోపల మామూలు శ్రుతే ఉంటే వాదన అక్కడితోనే సగం అయిపోతుంది.

పరీక్షకి రెండు వేర్వేరు ఫైళ్లు దించుకోవద్దు. ఒక దానిలో వేణువు మెత్తగా, ఇంకో దానిలో మృదంగంతో హుషారుగా ఉంటుంది, ఒకటి మరోదానికంటే గట్టిగా మోగుతుంది. అప్పుడు బంటి దేనికి పడుకుందో ఎవరూ చెప్పలేరు. ఒకే రికార్డు నుంచి రెండూ తయారు చేసుకోండి. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. సరిగ్గా 20 నిమిషాల వేణువు ముక్క తీసుకుని వేవ్ ఫైలుగా సేవ్ చేయండి. ఇది మొదటిది. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి, ఎఫెక్టుల్లో వేగం మార్చేది తెరిచి, శాతం దగ్గర మైనస్ 1.818 కొట్టండి. ఇది రెండోది, 440 ఉన్నచోటికి 432 వస్తుంది. శ్రుతి మాత్రమే మార్చే ఎఫెక్టు కూడా ఉంది కానీ అది ధ్వనిని ముక్కలు చేసి అతుకుతుంది. వేణువు లాంటి నిడుపు స్వరాల్లో ఆ అతుకులు గరగరలాడతాయి, అదొక అదనపు తేడా అయి కూర్చుంటుంది. వేగం మారిస్తే 20 నిమిషాల పాట 22 సెకన్లు ఎక్కువ సాగుతుంది, ఆ చివరి ముక్క కత్తిరించేయండి. లయలో ఆ కాస్త నిదానం కూడా ఒక తేడానే, కానీ అది బావగారి పక్షానికే సాయం కాబట్టి ఆయన అభ్యంతరం చెప్పరు.

మూడో ఫైలు 20 నిమిషాల నిశ్శబ్దం. దీన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే సంగీతం వల్ల పడుకుందో, ఆ వేళకి ఎలాగూ పడుకునేదో తెలియదు. సాయంత్రం తిరిగొచ్చి, తిని, ఫ్యాను కింద చేరిన లాబ్రడార్ పడుకోక ఇంకేం చేస్తుంది?

ఫైళ్లు సిద్ధమయ్యాక వాటిని మీ ఇంట్లోవాళ్లు కాని ఒకరికి అప్పగించండి. పక్కింట్లో ఇంటర్ చదివే పిల్లో పిల్లాడో ఉంటే సరిగ్గా సరిపోతుంది. వాళ్లు మూడు చీటీలు రాసి గ్లాసులో వేసి ఒక్కోటీ తీసి మూడు రోజుల వరస రాసుకుంటారు. మళ్లీ మూడూ వేసి తర్వాతి మూడు రోజులు. అలా ఎనిమిది సార్లు. ఆ వరసలోనే ఫైళ్లకి 01 నుంచి 24 వరకు నంబర్లు మాత్రమే పెట్టి మీకిచ్చి, అసలు జాబితా కవర్లో పెట్టి అంటించి వాళ్లింట్లోనే ఉంచుకుంటారు. వాట్సాప్‌లో పంపించుకోవద్దు, వైరుతో కాపీ చేయండి. పాట మధ్యలో మెసేజ్ టింగుమనకుండా ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. బ్లూటూత్ స్పీకర్ వాడొద్దు. వాటిలో చాలావాటికి కాసేపు శబ్దం లేకపోతే బీప్ కొట్టి ఆగిపోయే గుణం ఉంది, నిశ్శబ్దం రోజున సరిగ్గా ఆ బీప్‌కే కుక్క లేచి నిలబడుతుంది. వైరున్న స్పీకర్ పెట్టి, వాల్యూమ్ మీట దగ్గర పెన్నుతో గీత గీసుకోండి. కుక్క పడుకునే చోట మామూలు మాటల గొంతు కంటే గట్టిగా ఉండకూడదు.

రోజూ ఒకే వేళ, అదే నడక అయ్యాక, అదే తిండి అయ్యాక, ఫ్యాను అదే నంబరు మీద. షెల్ఫు మీద ఇంకో ఫోన్ పెట్టి వీడియో తీయండి. పాట మొదలయ్యాక అందరూ గది బయటికి రావాలి, బావగారు ముఖ్యంగా. ఏది మోగుతోందో తెలిసిన మనిషి తెలియకుండానే కుర్చీలో వెనక్కి వాలతాడు, గొంతు తగ్గిస్తాడు, కుక్క మనిషిని చూసి పడుకుంటుంది. పాటకి పడుకుందని మనం రాసుకుంటాం.

లెక్క వేసేది వీడియో చూసే మనిషి, అదీ సౌండ్ తీసేసి. ప్రతి ముప్పై సెకన్లకీ వీడియో ఆపి, బంటి ఎలా ఉందో ఒక్క అక్షరం రాయాలి: తల నేల మీద పెట్టి పడుకుంటే ప, తల ఎత్తి పడుకుంటే త, కూర్చుంటే కూ, నిలబడినా తిరిగినా ని. 20 నిమిషాలకి 40 అక్షరాలు వస్తాయి. అందులో ప ఎన్నో అదే ఆ రోజు మార్కు. "శాంతంగా అనిపించింది" అనే మాట కాగితం మీదకి రానివ్వద్దు. వగర్చడాన్ని చిరాకు కింద లెక్కపెట్టొద్దు. కాకినాడ ఉక్కలో ఏ కుక్కయినా వగరుస్తుంది.

ఉరుములు వచ్చిన రోజు, చుట్టాలు వచ్చిన రోజు వదిలేయాలి. కానీ ఆ నిర్ణయం ఫైలు మోగించక ముందే జరగాలి. వీడియో చూశాక "ఆ రోజు బంటికి కడుపు బాలేదులే" అని తీసేయడం మొదలైతే పరీక్ష చచ్చిపోయినట్టే. ఇది బావగారికీ వర్తిస్తుంది, మీకూ వర్తిస్తుంది. సందేహం ఉన్నవాళ్లకి కూడా తమకు నచ్చని రోజుని కొట్టేయాలనే దురద బాగానే ఉంటుంది.

ఇరవై నాలుగు సాయంత్రాలయ్యాక కవరు తెరవండి. ప్రతి మూడు రోజుల కట్టలోనూ ఒక 432 రోజు, ఒక 440 రోజు ఉంటాయి. ఆ రెండు మార్కుల్లో ఏది ఎక్కువో చూడండి. ఎనిమిది జంటలు. అసలు ఏ తేడా లేకపోయినా ఎనిమిదిలో ఆరు జంటల్లో గానీ అంతకు మించి గానీ 432 గెలవడం 256కి 37 సార్లు, అంటే ఏడింట ఒకసారి ఊరికే జరుగుతుంది. అది గెలుపు కాదు. ఏడు గానీ ఎనిమిది గానీ వస్తే 256కి 9, మూడున్నర శాతం. అప్పుడు బావగారి మాటలో విషయం ఉందేమో అని ఇంకో ఎనిమిది కట్టలు చేయాలి. ఎన్ని వస్తే ఎవరు ఒప్పుకోవాలో మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. బావగారు గెలిచే దారి లేని పరీక్షకి ఆయన్ని పిలవడం న్యాయం కాదు.

ఏం రావచ్చని అడుగుతారా? 432కీ 440కీ తేడా రాదనే అనుకుంటున్నాను. సంగీతం రోజులకీ నిశ్శబ్దం రోజులకీ తేడా రావచ్చు, అందుకు ఆధారం ఉంది. 2002లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు ఆశ్రయంలో ఉన్న కుక్కలకి రకరకాల సంగీతం వినిపిస్తే, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి ఎక్కువసేపు విశ్రాంతిగా ఉన్నాయి, హెవీ మెటల్‌కి మొరుగుడు పెరిగింది. తర్వాత స్కాట్లండ్‌లో గుండె లయ కూడా కొలిచి చూశారు. అక్కడ బయటపడ్డ ఆసక్తికరమైన సంగతి, ఒకే రకం పాటలు రోజూ వేస్తే కొద్ది రోజులకే కుక్కలు అలవాటు పడిపోయి ప్రభావం తగ్గింది. మార్చి మార్చి వేయడం మేలు. కుక్కకి ఏ హెర్ట్జ్ అన్నదానికంటే ఎంత గట్టిగా, ఎంత హడావిడిగా, ఎంత కొత్తగా అన్నదే పట్టింపులా ఉంది.

బావగారికి బంటి మీద నిజంగా ప్రేమ ఉంటే ఆ శ్రద్ధ దీపావళికి చూపించమనండి. అక్కడ సంగీతానికి నిజమైన పనుంది. ఆ రోజు చీకటి పడకముందే తిప్పి, తినిపించి, లోపలి గదిలో కిటికీలు మూసి, మొదటి టపాసు పేలకముందే ఫ్యాను, టీవీ, పాటలు మొదలుపెట్టాలి. పేలాక మొదలుపెడితే పాట వస్తే పేలుడు వస్తుందని నేర్చుకుంటుంది. నెల ముందు నుంచి రోజూ ఐదు పది నిమిషాలు టపాసుల రికార్డింగు చాలా చిన్న శబ్దంతో వేసి, ఇష్టమైన ముక్క పెడుతూ, అది చెవులు వెనక్కి పెట్టనంత వరకే కొద్దికొద్దిగా పెంచవచ్చు. ఫోన్ స్పీకర్‌లో బాంబు దడదడ రాదు, పెద్ద స్పీకర్ కావాలి. మనుషుల నిద్రమాత్రలు మాత్రం వేయకండి. బాగా బెదిరే కుక్క అయితే వారం ముందే పశువైద్యుడిని అడిగి మందు రాయించుకోండి.

మీ ఆవిడ చెప్పేది చూద్దాం. కుక్క ముందే గేటు దగ్గరికి వెళ్తుందన్నది ఆవిడ కళ్లారా చూసిందే. ఎందుకు వెళ్తుందన్నదే ప్రశ్న. మీరు రోజూ ఒకే వేళకి వస్తారు. బయల్దేరేటప్పుడు మెసేజ్ పెడతారు, ఆవిడ లేచి టీ పెడుతుంది లేదా ఒకసారి కిటికీ వైపు చూస్తుంది. మీ బండి శబ్దం మనకంటే చాలా ముందు దానికి వినపడుతుంది. కుక్కలు మన చెవికి అందని 45 వేల హెర్ట్జ్ దాకా వింటాయి. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలు తీసివేతలు చేస్తోందని 1904లో పెద్ద కమిటీనే వేసి చూశారు, ఏ మోసమూ దొరకలేదు. 1907 నాటికి మనస్తత్వ శాస్త్ర పరిశోధకుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ కిటుకు పట్టాడు. ప్రశ్న అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన సంఖ్య దగ్గర అడిగేవాడి తల సన్నగా కదిలేది, అది చూసి గుర్రం గిట్ట ఆపేది. తల కదిలిస్తున్నానని ఆ మనిషికే తెలియదు.

కాబట్టి ఇంట్లో ఎవరికీ మీ రాక తెలియకూడదు. సాయంత్రం ఐదున్నరకి ఆఫీసులో పాచిక వేయండి. ఒకటి పడితే వెంటనే, రెండైతే అరగంట ఆగి, మూడైతే గంట, అలా ఆరు పడితే రెండున్నర గంటలు ఆగి బయల్దేరండి. మెసేజ్ వద్దు, ఫోన్ వద్దు. సొంత బండి వదిలేసి ఆటోలో వచ్చి వీధి చివర దిగండి. గేటు వైపు టైము పడేలా కెమెరా పెట్టి, మీ పాచిక సంగతి తెలియని మనిషి చేత ప్రతి నిమిషం బంటి గేటు దగ్గర ఉందో లేదో రాయించండి. పన్నెండు రోజులైనా చేయాలి.

లెక్క దగ్గర ఒక గొయ్యి ఉంది. మనిషి ఎంత ఆలస్యం చేస్తే కుక్క అంత తరచుగా గుమ్మం దగ్గరికి వెళ్తుంది. కాబట్టి చివరి అరగంటని ముందు గంటలతో పోలిస్తే చివరి అరగంటే ఎప్పుడూ గెలుస్తుంది, ఏ అతీంద్రియ శక్తీ అక్కర్లేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో జేటీ అనే చిన్న టెర్రియర్ మీద సరిగ్గా ఇదే వివాదం నడిచింది. 1990లలో జీవశాస్త్రవేత్త రూపర్ట్ షెల్డ్రేక్ అది యజమానురాలి రాకని పసిగడుతోందన్నాడు. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం 1995లో నాలుగుసార్లు పరీక్షించి, అది కిటికీ దగ్గరికి చాలాసార్లు వెళ్తోందనీ, బయల్దేరిన క్షణాన్ని పట్టుకోవడం లేదనీ 1998లో ప్రచురించింది. మీరు మాత్రం గడియారం వేళల్ని పోల్చండి: ఆరున్నర నుంచి ఏడు మధ్య మీరు దారిలో ఉన్న రోజుల్లో గేటు దగ్గర ఎన్ని నిమిషాలు, అదే వేళ మీరింకా ఆఫీసులో కూర్చున్న రోజుల్లో ఎన్ని నిమిషాలు. రెండూ దగ్గరగా ఉంటే అది మీ రాకని పసిగట్టడం లేదు, మీ అలవాటు వేళని ఎదురు చూస్తోంది. ఆ మాట ఆవిడతో చెప్పేటప్పుడు కాస్త నెమ్మదిగా చెప్పండి. మూడేళ్ల ముచ్చట అది.

మొజార్ట్ పుస్తకం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఆ మాట 1993లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం నుంచి పుట్టింది. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మొజార్ట్ సొనాటా విని, కాగితం మడతలు ఊహించడం లాంటి ఒక రకం ప్రశ్నల్లో కాస్త ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. పావుగంటలో ఆ తేడా పోయింది. పసిపిల్లల ప్రస్తావనే లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం పంచడానికి 1,05,000 డాలర్లు అడిగాడు. తర్వాతి పరిశోధనల్లో కథ వినిపించినా అంతే ఫలితం వచ్చింది, కథంటే ఇష్టపడేవాళ్లకి. మనసు హుషారుగా ఉంటే కాసేపు పరీక్ష బాగా రాస్తారు, అంతకు మించి ఏమీ తేలలేదు. పాపకి మొజార్ట్ పెట్టండి, మీకిష్టమైతే. మీరే పాడితే ఇంకా మంచిది.

ఇలాంటి పుస్తకాలు చదివేటప్పుడు "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అన్న చోటల్లా ఆగి, ఎంతమంది మీద, దేనితో పోల్చి, ఎంతసేపటికి అన్న మూడు వివరాలు వెతకండి. మీ పుస్తకంలో ఈ 1993 వ్యాసం ప్రస్తావన వచ్చే పేజీలో పక్క ఖాళీలో పెన్సిల్‌తో "36 మంది, కాలేజీ పిల్లలు, పావుగంట" అని రాసి మళ్లీ షెల్ఫులో పెట్టేయండి. తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది.